గొట్టం విన్న చప్పుడు

“లిఫ్టు కదల్లే సారూ. మా అవ్వ మీద ఒట్టు.”

లిఫ్టు నడిపే హన్మాండ్లు ఈ మాట అనడం పొద్దటి నుంచి ఐదోసారి. ఒట్టు పెట్టడం మూడోసారి. రాజనర్సు రెండూ తన చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. పదహారేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన అలవాటు అది. ఆ ఉద్యోగానికి దండం పెట్టి, నిజామాబాద్ బస్టాండు వెనక ఒక గదికి ‘డిటెక్టివ్’ అని బోర్డు తగిలించుకుని నాలుగేళ్లవుతున్నా పోలేదు. మనిషి ఎంత గట్టిగా చెబితే ఆ మాటను అంత జాగ్రత్తగా తూకం వేసి చూస్తాడు.

“మంగళవారం ఎన్నింటికి తాళం వేసినవ్?”

“ఐదుకు. మిల్లు కూత వెట్టంగనే.”

“తర్వాత?”

“కింద మెట్ల మీద కూసున్న. లిఫ్టు గోడకు ఇటు పక్క, మెట్లు అటు పక్క. ఆరున్నర దాక ఆడనే ఉన్న. చాయ్ తాగిన, రెండు బీడీలు తాగిన. ఇరవై రెండేండ్ల సంది నడుపుతున్న సారూ దీన్ని. కదిలిందంటే మూడు అంతస్తులు మొత్తుకుంటది. నిద్రల ఉన్నా నాకు ఎర్కైతది.”

“మార్కండేయ కనవడ్డడా?”

“ఐదుకు ముందుగాల సూసిన. చేతుల రబ్బరు ముక్కలు వట్టుకొని కింద లిఫ్టు మోటరు దిక్కు వోతుండె. గంతే.”

రాజనర్సు నోటుబుక్కు మూసేశాడు. 1993 మే ఇరవై, గురువారం, పగలు పదకొండు నలభై. బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో ఉన్న ఈ చక్కెర కార్ఖానాలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్కు మార్కండేయ మంగళవారం సాయంత్రం నుంచి కనిపించడం లేదు. గేటు బుక్కులో లోపలికి వచ్చినట్టు సంతకం ఉంది. బయటికి పోయినట్టు లేదు. అతని భార్య కబురు పెడితే రాజనర్సు పొద్దున్నే వచ్చాడు.

వాళ్లు కూర్చున్నది మూడో అంతస్తులోని మీటరు గదిలో. గది నడుమ, ఇనుప చట్రంలో, వంగిన స్టీలు గొట్టం ఒకటి సన్నగా మూలుగుతోంది. అది మార్కండేయ సొంత తెలివి. అయస్కాంతం ఆ గొట్టాన్ని ఎప్పుడూ వణికిస్తూ ఉంటుంది. చక్కెర తీసేయగా మిగిలిన నల్లటి మడ్డి అందులోంచి పారితే వణుకు మారుతుంది. ఆ మార్పును బట్టి ఎంత బరువు మడ్డి పోయిందో, ఆపకుండా, తక్కెడ లేకుండా చెప్పేస్తుంది. పక్కనే ఒక పెన్ను కాగితపు చుట్ట మీద గంటకు జానెడు చొప్పున గీత గీస్తుంటుంది. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది కనుక, మనిషి పోయినా అది ఆగలేదు.

తొమ్మిదేళ్ల కింద దీని మొదటి నమూనాను తెచ్చి మార్కండేయ రాజనర్సు టేబుల్ మీదే పెట్టాడు. ఇద్దరూ ఒకే గదిలో అద్దెకుండి, ఒకే కంచంలో తిని ఐ.టి.ఐ. చదివినవాళ్లు. “ఒక్క ముద్ర కొట్టు నర్సన్నా” అని అడిగాడు. రూలు బుక్కులో వణికే గొట్టం అనే కొలత పరికరం లేదు. రాజనర్సు ముద్ర కొట్టలేదు. మార్కండేయ గొట్టాన్ని తువ్వాలలో చుట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయాడు. తిడితే బాగుండేదని రాజనర్సుకు ఆనాటి నుంచీ అనిపిస్తూనే ఉంది.

పోయిన నెల కార్డు ముక్క వచ్చింది. ‘మీటరు ఇప్పుడు తప్పు చెప్తలేదు. లిఫ్టు ఒక్కటే సతాయిస్తున్నది, దాని నోరు గూడ మూయిస్త. ఒకసారి వచ్చి చూసి పో.’ ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ నాలుగు ఆదివారాలు గడిపేశాడు. ఆ కార్డు ఇప్పుడు చొక్కా జేబులో ఉంది. మనిషే లేడు.

గోడ మీది ఫోను మోగింది. హన్మాండ్లు ఒక్క గంతులో లేచి ఎత్తాడు. “మీటర్ రూమ్, హన్మాండ్లు!” అని అరిచి, విని, పెట్టేశాడు. “గేటు కాడికి శ్యామలమ్మ వచ్చిందట సారూ. పైకి పంపుమన్న.”

“ఎత్తంగనే పేరెందుకు చెప్పినవ్?”

“రూలు సారూ. సీజన్‌ల మిల్లు చప్పుడుకు ఎవని గొంతు ఏందో తెల్వది. ఎత్తినోడు రూము పేరు, తన పేరు చెప్పాలె. మేనేజరైనా సరే. గిప్పుడు ఇంట్ల ఫోనెత్తినా నోట్లకెల్లి గదే వస్తది.”

శ్యామలమ్మ మెట్లెక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి, మార్కండేయ భార్య. చేతిలో టిఫిన్ డబ్బా. రాజనర్సు దాని వైపు చూడడం గమనించి సిగ్గుపడింది.

“నిన్న గూడ తెచ్చిన అన్నా. పొద్దుమీకి మళ్ల ఇంటికి కొంటవోయిన. ఏడున్నడో ఏమో, దొరకంగనే ఆకలైతది కద.”

రాజనర్సు స్టూలు జరిపాడు. “కూసో చెల్లె. సోమవారం రాత్రి ఏం చెప్పిండు?”

“ఎనిమిది నెలల సంది లిఫ్టు మీదనే పానం వెట్టిండు. అది కదిలినప్పుడల్ల గొట్టం అదురుతది. మడ్డి పారకపోయినా పారినట్టు చూపెడతదట. ట్రాక్టర్ టైర్లు కోసి మోటరు కింద పరిసిండు. లిఫ్టు పట్టాల మీద జారే ఇనుప చెప్పులు తీసి నైలాన్ చెప్పులు ఏసిండు. ‘రేపు ఐదు గొట్టినంక ఆఖరి రెండు ముక్కలు పెడత, ఇగ దాని నోరు మూతవడ్డట్టే’ అన్నడు.”

“గొట్టం గురించి నీకు తెలుసా?”

“నాకు తెల్వకుంట ఎట్ల ఉంటది? పదేండ్లు మా ఇంట్లనే మొరిగింది గద.” మొదటిసారి ఆమె మొహం మీద నవ్వులాంటిది కనబడింది. “బీడీలు చుట్టుకుంట కూసుంటే నా చూపు బీడీల మీద, చెవి గొట్టం మీద. గొట్టం ఖాళీగుంటే సన్నగ మూలుగుతది. బెల్లం పాకం పోస్తే గొంతు బరువైతది. చిక్కగైనా కొద్దీ ఇంక బరువు. ‘శ్యామలా, ఎట్లున్నది?’ అని నన్నే అడుగుతుండె.”

మాట్లాడుతూనే ఆమె గోళ్లతో టిఫిన్ మూత అంచున మూడుసార్లు తట్టింది. ఆగి, మళ్లీ మూడు. రాజనర్సు చూశాడు. బీడీల కట్ట కట్టాక కొసలు సమం కావడానికి చాట అంచుకు మూడుసార్లు కొట్టే అలవాటు. ఖాళీగా ఉన్న చేతులు తమ పని తాము వెతుక్కుంటున్నాయి.

“అన్నం వండినంక గిట్లనే కొడుతుంటి” అంది తల దించుకుని. “పేరు వెట్టి పిలువం గద. చాట మీద మూడు కొడితే ఆయన గొట్టం మీద మూడు కొట్టి లేచి వస్తుండె. రెండు దినాల సంది కొడుతనే ఉన్న.”

అంతలో బూట్ల చప్పుడు. సి.ఐ. కాశయ్య, వెనక ఒక కానిస్టేబులు. కాశయ్యకు రాజనర్సంటే పడదు. పోయినేడు ఆర్మూరు పసుపు గోదాములో దొంగను రాజనర్సు పట్టుకుంటే పత్రికలో కాశయ్య పేరు ఆఖరి లైనులో వేశారు. ఆ లైను ఆయనకింకా గుచ్చుకుంటోంది.

“ఏం రాజనర్సు సాబ్, తక్కెడ తెచ్చినవా? కేసు ఎన్ని కిలోలు తూగింది?”

“ఇంక ముల్లు ఆగలేదు సార్. మీ దగ్గర ఆగినట్టున్నది.”

“ఎప్పుడో ఆగింది. నీ దోస్తు డ్రాయింగులు తీసుకొని పుణె ఉరికిండు. ఆడ కంపెనీకి అమ్ముకుంటడు. ఇంజనీరు బాపురావు రాతపూర్వకంగ ఇచ్చిండు. ఐదు గంటలకు బ్యాగు పట్టుకొని గేటు దిక్కు పోతుంటే కండ్లార చూసిండట.”

“కాదు!” శ్యామలమ్మ లేచి నిలబడింది. “ఆ డ్రాయింగులు ఆయినయే. తనయి తాను దొంగతనం చేసుకుంటడా? బాపురావు సారే తన పేరు మీద కలకత్తాకు పంపిండు, పేటెంటు కోసం. పోయిన వారమే మాకు ఎర్కైంది. అడుగుత అన్నడు ఆయన.”

“అడిగినట్టు నువ్వు చూసినవా అమ్మా?” అన్నాడు కాశయ్య.

“బాపురావు ఏడున్నడు సార్?” అడిగాడు రాజనర్సు.

“నిన్న పొద్దుగాల హైదరాబాద్ పోయిండు. ఎల్లుండి వస్తడు.”

“లిఫ్టుకు ఇంకో తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది హన్మాండ్లూ?”

“ఇంజనీరు సారు దగ్గర.”

కాశయ్య విసుక్కున్నాడు. “లిఫ్టు కదల్లేదని మొత్తుకుంటున్నడు గద వాడు!”

“ఐదు నిమిషాలు ఇయ్యండి సార్. నిన్న లిఫ్టుకు మీరు వేసిన తాళం మీ చేతులతోనే తియ్యండి. నా మాట తప్పయితే నా బోర్డు నేనే పీకేస్త.”

ఆ బోర్డు పీకడం మీద కాశయ్యకు చాలా రోజులుగా మోజుంది. తాళం తీయించాడు.

హన్మాండ్లును మంగళవారం కూర్చున్న మెట్టు మీదే కూర్చోబెట్టారు. లిఫ్టు కదిలినట్టు వినబడగానే కేక వేయాలి. అంతే పని. పన్నెండూ ఐదుకు కానిస్టేబులు ఒక్కడే లిఫ్టులో మూడో అంతస్తుకు పోయి దిగి వచ్చాడు. పన్నెండూ పదికి రాజనర్సు, కానిస్టేబులు ఇద్దరూ కలిసి పోయి దిగి వచ్చారు. అవతల మిల్లు దగ్గర మరమ్మతుల సుత్తి దెబ్బలు తప్ప ఇంకేమీ వినబడలేదు. కాశయ్య మెట్ల దగ్గర నిలబడి హన్మాండ్లు మొహమే చూస్తున్నాడు.

పన్నెండూ పదిహేనుకు హన్మాండ్లు మెడ సాచాడు. “ఇంక సురువు చేయలేదా సారూ?”

ఎవరూ నవ్వలేదు. సంగతి చెప్పాక అతను లిఫ్టు దగ్గరికి పోయి, దాని ఇనుప తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడిపోయాడు. “గొంతు వోయిందా దీనికి” అన్నాడు, ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి గురించి అడిగినట్టు. “నేను తాళమేసినంక ఏసిండా ముక్కలు? నాతోని ఒక మాట చెప్పకపాయె.”

“ఐదు తర్వాత వేసిండు. అందుకే నీకు తెల్వదు. నువ్వు నిజమే చెప్పినవ్ హన్మాండ్లూ. కాని చప్పుడు లేదంటే కదల్లేదని కాదు.”

అందరూ మీటరు గదికి వచ్చాక రాజనర్సు కాగితపు చుట్ట ముందు కూర్చున్నాడు. సుత్తి దెబ్బల గజిబిజిలో సరిగ్గా ఆ నిమిషాల దగ్గర వెతికితే, ఇప్పటి రెండు పరీక్షలూ దాని మీద పడ్డాయి. ఒక్కడు ఎక్కినప్పుడు ఆవగింజంత గుర్తు. ఇద్దరు ఎక్కినప్పుడు దానికి రెట్టింపు. చెవికి అందని అదురు గొట్టానికి అందుతోంది. అతను కాగితాన్ని వెనక్కి తిప్పుకుంటూ మంగళవారం దాకా పోయాడు. ఐదు లోపల లిఫ్టు కదిలిన ప్రతిసారీ వేలెడు పొడుగు గీతలు. ఐదు తర్వాత ఒక్క పొడుగు గీత కూడా లేదు.

“ఇగో చూడండి సార్. ఐదూ యాభై రెండు. చిన్న గుర్తు, ఇద్దరి బరువు. ఆరూ పదమూడు. ఇంకా చిన్నది, ఒక్కని బరువు. ఇద్దరు ఎక్కిండ్రు. ఒక్కడే దిగిండు.”

కాశయ్య వంగి చూశాడు. చూసిన వెంటనే సర్దుకున్నాడు. “గీ పిచ్చి గీతలు కోర్టుల సాక్ష్యం చెప్తయా? ఈ అంతస్తంత గాలించినం. పురుగు లేదు.”

రాజనర్సు ఆ మొదటి గుర్తు మీద వేలు పెట్టాడు. ఎక్కిన ఆ ఇద్దరిలో ఒకడు మార్కండేయ. తొలిసారి చప్పుడు లేకుండా పైకి పోతున్న లిఫ్టు. ఆ ముచ్చట ఎవరికో ఒకరికి చూపించకుండా ఉండలేక, రెండో తాళంచెవి ఉన్నవాణ్ణే పిలుచుకుని ఉంటాడు. పక్కన ఉండవలసిన మనిషి నిజామాబాద్‌లో ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ కూర్చున్నాడు. 

కాగితం ముందుకు తిప్పాడు. మంగళవారం రాత్రి ఏడు నుంచి తెల్లారేదాకా చిన్న చిన్న మచ్చలు, గుంపులు గుంపులుగా. బుధవారం పగలంతా సుత్తి దెబ్బల గజిబిజి. మధ్యాహ్నం భోజనాల గంటలో మళ్లీ ఆ మచ్చలే. బుధవారం రాత్రి కూడా ఉన్నాయి, కాని పలచగా. ఈ తెల్లవారుజామున మరీ దూరం దూరంగా.

“ఇవేంటియి?” అన్నాడు తనలో తానే.

“ఎలుకలు” అన్నాడు కాశయ్య. “మడ్డి పైపుల మీద రాత్రంత అవే.”

“ఎలుకలకు భోజనాల గంట ఎట్ల తెలుసు సార్?”

పన్నెండున్నర కూత పెట్టింది. మిల్లు దగ్గర సుత్తులు ఒకటొకటిగా ఆగిపోయాయి. పొద్దటి నుంచి చెవుల్లో గింగురుమంటున్న మోత పోయి గదిలో గొట్టం మూలుగు ఒక్కటే మిగిలింది. లిఫ్టుకు మళ్లీ తాళం వేసి ఉంది. మడ్డి పారడం లేదు. పెన్ను గీత తిన్నగా పోతోంది.

పెన్ను ఎగిరిపడింది. మళ్లీ. మళ్లీ.

ఆగింది. మూడు సార్లు మళ్లీ.

శ్యామలమ్మ చేతిలోని టిఫిన్ డబ్బా జారి నేల మీద పడింది. పప్పు చింది కాశయ్య బూటు మీద పడినా ఎవరూ కదల్లేదు.

“ఆయినే” అంది. “అన్నా, ఆయినే! ఆయినే కొడుతున్నడు!”

ఆమె మెడలోని పుస్తెను పిడికిట్లో పట్టుకుని దానితో గొట్టం చట్రం మీద మూడుసార్లు కొట్టింది. గదిలో మిగతా నలుగురూ పెన్ను వైపు చూశారు. ఒకటి. రెండు. చాలాసేపటికి, మూడు.

కాశయ్య టోపీ తీశాడు.

“హన్మాండ్లూ, ఈ పైపు ఏడికి పోతది?”

“గోడ దాటి, వంతెన మీదికెల్లి రెండో ట్యాంకుల వడ్తది సారూ. గా ట్యాంకు పోయిన వారమే కడిగిండ్రు. ఖాళీ ఉన్నది.”

ట్యాంకు కప్పు మీద మనిషి దిగే రంధ్రం. గది వెనక తలుపు నుంచి దాని దాకా పైపుల వంతెన. లిఫ్టులో వెంట వచ్చినవాడే మార్కండేయను అటు తీసుకుపోయి, లోపలికి తోసి మూత వేసి ఉంటాడు. నిన్నటి నుంచి వందమంది కింద సుత్తులతో ఇనుమును బాదుతుంటే, ఆ ఇనుప గోడల నడుమ నుంచి ఒక్కడు పెట్టే కేక ఎవరికి వినబడుతుంది? తన గొట్టానికి తప్ప ఇంకెవరికీ వినబడదని మార్కండేయకు తెలుసు. అందుకే పైపు మూతి మీద కొట్టాడు, చప్పుళ్లు ఆగే వేళలు చూసి కొట్టాడు, రెండు రాత్రులు కొట్టాడు. రాజనర్సు వెనక తలుపు వైపు ఉరికాడు.

“ఆగన్నా!”

శ్యామలమ్మ అరచెయ్యి గొట్టం మీద ఉంది.  “గొంతు మారింది. బరువైతున్నది. మడ్డి వస్తున్నదన్నా!”

రాజనర్సు చెవికి ఏ తేడా తెలియలేదు. పెన్ను వైపు చూశాడు. అది పైకి పాకుతోంది. ఒకటో ట్యాంకు మడ్డిని ఎవరో పంపు పెట్టి ఖాళీ ట్యాంకులోకి తోలుతున్నారు. పంపు మనుషులంతా భోజనాలకు పోయిన వేళ చూసి.

మీటరు దాటాక పైపుకు పెద్ద చక్రం వాల్వు ఉంది. రాజనర్సు, హన్మాండ్లు ఇద్దరూ దాని మీద పడ్డారు. సీజన్ అయిపోయిన నాటి నుంచి కదలని చక్రం. కానిస్టేబులు కూడా చెయ్యి వేశాడు. కిర్రుమని పావు చుట్టు తిరిగింది. తర్వాత సగం. చక్రం ఇంక తిరగనని మొరాయించేదాకా తిప్పి వదిలారు. పెన్ను పాకడం ఆపేసింది. కొంత మడ్డి వంతెన మీదుగా పోయే ఉంటుంది. ఎంత పోయిందో ఆ కాగితానికి తెలుసు, చదివే తీరిక ఎవరికీ లేదు.

“పంపు హౌసుకు నంబరెంత?” అడిగాడు కాశయ్య. గొంతులో ఎకసెక్కం ఎక్కడికో పోయింది.

“పద్నాలుగు సారూ.”

కాశయ్య తానే తిప్పాడు. అవతల రెండుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు. వెనక పంపు రొద, దాని మీదుగా ఆయాసపడుతున్న మగ గొంతు, ఏళ్ల తరబడి అలవాటైన మాట తనంతట తానే జారిపోయినట్టు:

“పంప్ హౌస్, బాపురావ్!”

మాట అక్కడే తెగిపోయింది. ఏం చేశాడో అతనికి అర్థమైనట్టుంది. ఫోను పడిపోయిన చప్పుడు.

కాశయ్య ఫోను చెవి దగ్గరే పెట్టుకుని రాజనర్సును చూశాడు. ఎల్లుండి దాకా హైదరాబాద్‌లో ఉండవలసిన మనిషి. ఐదు గంటలకు బ్యాగు చూసిన మనిషి. “నేను పంపు హౌసుకు పోత” అన్నాడు. “నువ్వు ట్యాంకు కాడికి ఉరుకు నర్సన్నా. ఉరుకు!” కానిస్టేబుల్ను వెంట తీసుకుని మెట్ల మీదుగా దూకుతూ పోయాడు. ఈ నాలుగేళ్లలో ఆయన రాజనర్సును అన్నా అని పిలవడం అదే మొదలు.

“మోకు తీసుకొని నా ఎనుక రా హన్మాండ్లూ. చెల్లె, నువ్వు కొడుతనే ఉండు. ఆపకు. వస్తున్నమని వానికి తెల్వాలె.”

శ్యామలమ్మ తల ఊపలేదు, వెనక్కి చూడలేదు. పుస్తెతో మూడు కొట్టింది.

రాజనర్సు వెనక తలుపు తన్ని వంతెన మీద పడ్డాడు. మే నెల ఎండకు పైపు కాలిపోతోంది. అరచెయ్యి దాని మీద పెట్టి, పట్టుకోసం కొంత, వినడం కోసం కొంత, ట్యాంకు వైపు పరుగెత్తాడు. వెనక నుంచి ఆమె కొట్టిన మూడు దెబ్బలు చేతికి స్పష్టంగా తగిలాయి. “మార్కండేయా, నేను వచ్చిన్రా!” అని అరిచాడు. తొమ్మిదేళ్ల కింద అనవలసిన మాట, నాలుగు ఆదివారాల కింద అనవలసిన మాట, నోరు పగిలేలా అరిచాడు.

ముందు నుంచి జవాబు వచ్చింది. చాలా నెమ్మదిగా, ఒకటి.

చెయ్యి కాలుతున్నా తీయలేదు. రెండు.

మూడోది రాలేదు. రాజనర్సు చెయ్యి పైపు మీదే ఉంచి పరుగెత్తుతూనే ఉన్నాడు.